అమ్మ గాజు, నా ఆక్సిజన్ నాబు

వాదనలో గెలిచి ఏడ్చినవాళ్ళని ఎక్కడైనా చూశారా? చూడకపోతే నన్ను చూడండి. ఒక్క మాట నెగ్గించుకోవడానికి మా అమ్మ ఆఖరి గాజుని మాడ్చి మసి చేసిన మహాతల్లిని నేనే.

గాజుపూసలు చేయడం నేర్చుకున్న కొత్తల్లో సంగతి. ధవళేశ్వరంలో మా పెరటి షెడ్డులో బల్లకి బిగించిన గాజు కరిగించే టార్చి, దాని వెనక గ్యాస్ బండ, ఆక్సిజన్ సిలిండరు. ముందు గ్యాస్ వెలిగిస్తే మంట పసుప్పచ్చగా, బద్ధకంగా ఊగుతుంది. ఆక్సిజన్ నాబు కొద్దికొద్దిగా తిప్పితే పసుపు పోయి, నీలంగా, సూటిగా నిలబడి బుస్సుమంటుంది. ఆక్సిజన్ తగ్గిందా, గాజుకి మసి. ఎక్కువైందా, గాజు కుతకుత ఉడికిపోతుంది. మంట మీంచి కన్ను తీయకూడదు, అంతే. ఈ నీతి ఊరంతా చెప్పుకు తిరిగింది కూడా నేనే.

ఆ రోజు రావులపాలెం నుంచి అక్క వచ్చింది. సంచిలోంచి పౌడరు డబ్బా తీసింది. డబ్బాలో దూది, దూదిలో అమ్మ ఆకుపచ్చ గాజు. ఒకప్పుడవి రెండు. మా చిన్నప్పుడు అమ్మ పిండి కలుపుతూ తీసి పక్కన పెడితే, చెరోటీ వేసుకుని గంతులేశాం. ఒకటి పగిలింది. ఎవరివల్లో ఇప్పటికీ తేలలేదు. మిగిలినది అమ్మ పోయాక అక్క దాచింది. మా ఇద్దరి లావు చేతులకీ అది ఎక్కదు. కరిగించి చెరో పూస చేసుకుందామనుకున్నాం.

గుడ్డలో చుట్టి సుత్తితో తట్టాను. అక్క మొహం తిప్పుకుంది. మొదటి ముక్క మెల్లగా కరిగి ఇనుప పుల్ల చివర చుట్టుకుంది. ఆకుమడి అంతా ఒక్క బొట్టయి కూర్చున్నంత ముద్దుగా ఉంది. అక్కడితో నోరు మూసుకుని ఉంటే ఎంత బాగుండేదండీ!

"రెండోది కూడా ఉండుంటేనా, చెరో రెండు పూసలొచ్చేవే," అంది అక్క.

"ఉండనిచ్చావా మరి?"

"నేనా! గడప మీంచి దూకిందెవరే?"

"దూకింది నేనే. వెనక నుంచి తోసిందెవరు?"

"ఏంటి? ఆ బుస్సులో వినపడట్లేదు!"

వినపడకపోతే నా మాటకి విలువేముంది? ఆక్సిజన్ తగ్గించాను. మంట పసుప్పచ్చగా వాలిపోయింది.

"తోసిందెవరూ అంటున్నా!"

"అబద్ధాలాడకే! పగిలిన ముక్కలు బియ్యం డబ్బాలో దాచింది కూడా నువ్వే. అమ్మ చూసి నన్నే..."

ఇక అక్క మాట వినపడనక్కర్లేదు. ఆక్సిజన్ పెంచాను. బుస్స్! నా వంతు రాగానే తగ్గించాను, తన వంతు రాగానే పెంచాను. అసెంబ్లీలో అవతలివాళ్ళ మైకు కట్ చేసినట్టు ఎంత హాయిగా ఉందో! మాట మాటకీ పుల్ల చివరి వేడి గాజుని ఓ ముక్కకి అద్ది, మళ్ళీ మంటలో పెట్టాను. ఒక చెయ్యి నాబు మీద, కళ్ళు అక్క మీద. పూస మీద ఎవరున్నారండీ? ఎవరూ లేరు.

చివరికి అక్క అలిసిపోయింది. "సరేనే తల్లీ, నేనే తోశాను. నేనే పగలగొట్టాను. చాలా?"

గెలిచాను! ఇన్నేళ్ళ కేసు! విజయగర్వంతో తల తిప్పి చూద్దును కదా, పుల్ల చివర మసి పట్టి, బుడగలు లేచి, కాల్చిన చింతగింజ. గుడ్డలో ఒక్క ముక్క మిగల్లేదు.

మంట ఆర్పేశాను. చల్లారాక అక్క దాన్ని అరచేతిలో వేసుకుని, పచ్చదనం ఎక్కడైనా మిగిలిందేమోనని వెలుతుర్లో తిప్పి తిప్పి చూసింది. నేనూ చూశాను. లేదు. అమ్మ చేతి మీద మెరిసిన ఆ రంగు ఇక ఏ కొట్లోనూ దొరకదు.

"అక్కా," అన్నాను. గుడ్డని మరోసారి దులిపి చూశాను.

అక్క దాన్ని మళ్ళీ దూదిలో చుట్టి, డబ్బాలో పెట్టి, మూత బిగించింది. "పోన్లేవే. మొదటి గాజుకి నేనేనని ఒప్పుకున్నానుగా. రెండోదానికి మాత్రం వాదన అక్కర్లేదు, కళ్ళారా చూశాను."

కాబట్టి పాఠకులారా, ఆనకట్ట మీద ఒట్టేసి చెబుతున్నాను. టార్చి వెలుగుతుండగా నోరు తెరవను. అక్క ఎదురుగా ఉంటే అసలు టార్చే వెలిగించను.

ఈ ఒట్టు సంగతి ఫోన్లో చెబితే, "నీ వల్ల కాదులేవే," అంది అక్క. జవాబు నాలిక చివరిదాకా వచ్చింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి మింగేశాను. మాడిన గాజు రుచి ఇలాగే ఉంటుందేమో.