ఎంగిలి కాని బూటు

నర్సింహ గురించి అడిగితే మా న్యూకాసిల్ తెలుగువాళ్ళు "మంచోడు" అని ఊరుకుంటారు. మన భాషలో ఆ మాట సగం తిట్టు. ఎందుకూ కొరగాడు అనడానికి నోరు రానప్పుడు మంచోడంటారు. అలా అన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. అందుకే ఆయన సంగతి చూసింది చూసినట్టు, విన్నది విన్నట్టు చెబుతాను.

నా పేరు ప్రసన్నలక్ష్మి. మాది కడప. పదకొండేళ్ళుగా ఇక్కడొక జీపీ సర్జరీలో, అంటే పేట డాక్టరు క్లినిక్‌లో, రిసెప్షన్‌లో కూర్చుంటున్నాను. కడుపునొప్పి అని ఫోన్ చేసేవాళ్ళలో ఎవరిది నిజం నొప్పో, ఎవరిది సోమవారం నొప్పో గొంతు విని చెప్పేస్తాను. నర్సింహ వాళ్ళ ఇల్లు మా వీధిలోనే, మూడిళ్ళ అవతల.

ఆయనది భువనగిరి దగ్గర పల్లె. కల్లు గీసే కుటుంబం. తాత, తండ్రి మోకు కట్టుకుని తాటిచెట్లు ఎక్కినవాళ్ళు. ఈయన హైదరాబాద్‌లో ఎంసీఏ చదివి, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో చేరి, భార్య పుష్పలీలతో, ఐదేళ్ళ కూతురు సహస్రతో ఇక్కడికి వచ్చాడు. ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో తొమ్మిదేళ్ళుగా అదే టీమ్, అదే కుర్చీ. పుష్పలీల ఆస్పత్రి వార్డులో కేర్ అసిస్టెంట్. ఆమె డ్యూటీల రోటా ఏ వారం ఎలా ఉంటుందో దేవుడికే తెలియాలి. అందుకని సాయంత్రం ఐదు కొట్టగానే నర్సింహ బ్యాగు తగిలించుకుని, పిల్లను తెచ్చుకోవడానికి పరిగెత్తేవాడు. మిగతావాళ్ళు పబ్బుకి పోయేవాళ్ళు. తొమ్మిదేళ్ళు అలా గడిచేసరికి ఆఫీసులో ఆయనకో పేరు పడిపోయింది: నర్సింహ తాగడు, కలవడు, మతం అడ్డం అనుకుంటా.

"నాకు తాగుడు తెల్వదనుకుంటున్రు అక్కా ఆఫీసుల," అని నవ్వేవాడు నాతో. "కల్లు గీసెటోళ్ళ ఇంట్ల పుట్టినోణ్ణి."

మూడేళ్ళ క్రితం ఆ టీమ్‌లోకే మణిదీప్ వచ్చాడు. భీమవరం పిల్లాడు, మాటకారి. ఫ్లాట్ దొరికేదాకా రెండు నెలలు నర్సింహ ఇంట్లోనే, మేడ మీద చిన్నగదిలో ఉన్నాడు. ఆ కంపెనీలో పని ఎలా చేయాలో, ఏ రిపోర్టు ఎవరికి పంపాలో అన్నీ నర్సింహే నేర్పాడు. ఫ్లాట్ దొరికాక కూడా ఆదివారం భోజనం ఇక్కడే. "వదినా, మీ చేతి కూర తింటే వారం గడిచిపోద్దండీ," అనేవాడు. పుష్పలీల ఆ ఒక్క మాటకి రెండు రకాల కూరలు వండేది.

మొన్న ఎండాకాలంలో వాళ్ళ టీమ్ లీడ్ ఉద్యోగం మానేసింది. ఆ కుర్చీ పని నర్సింహే చేశాడు, పేరు లేకుండా. శరదృతువు వచ్చేసరికి ఆ పోస్టుకి ఇంటర్వ్యూలు పెట్టారు. మేనేజర్ క్లేర్ ఆయన్ని పిలిచి చెప్పింది: నీ పనికి వంక పెట్టేవాళ్ళు లేరు, కాని టీమ్‌ని నడిపేవాణ్ణి టీమ్ ఆఫీసు బయట కూడా చూడాలి కదా, వచ్చే గురువారం సాయంత్రం అందరం వెళ్తున్నాం, రా. ఇంటర్వ్యూ ఆ తర్వాతి మంగళవారం.

గురువారం కార్యక్రమం ఏమిటంటే జర్మన్ బీరు హాళ్ళ టూర్. జర్మనీకి కాదు. న్యూకాసిల్‌లోనే జర్మనీ వాళ్ళ పద్ధతిలో పెట్టిన హాళ్ళు మూడున్నాయి, ఒక గైడు వెంటబెట్టుకుని తిప్పి, ఆచారాలు చెప్పి, తాగిస్తాడు. పుష్పలీల రోటా మార్చుకుంది. నర్సింహ కొత్త చొక్కా ఇస్త్రీ చేసుకున్నాడు. పెళ్ళిచూపులకి పోతున్నావా అని నేను ఏడిపిస్తే, "అట్లనే అనుకో అక్కా, ఈసారి నచ్చాలె," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు కాని గొంతులో నవ్వు లేదు.

ఆ సాయంత్రం సంగతులు ఆయన చెప్పగా విన్నవి, కొన్ని ఆఫీసువాళ్ళు ఫోన్‌లో తీసి పంచుకున్న వీడియోలో నేను చూసినవి. గైడు తోలు నిక్కరు, దానికి భుజాల మీదుగా పట్టీలు, ఈకపెట్టిన టోపీ వేసుకుని డీటర్ అని పరిచయం చేసుకున్నాడట. రెండో గుక్కకి పక్క ఊరు సండర్లాండ్ యాస బయటపడింది, అసలు పేరు డెరెక్. మొదటి హాలు రైల్వే వంతెన కమానుల కింద. పొడుగు బల్లలు, బెంచీలు, లీటరు పట్టే గాజు మగ్గులు. డెరెక్ మొదటి ఆచారం చెప్పాడు: మగ్గులు తాటించేటప్పుడు ఎదుటివాడి కళ్ళలోకి చూడాలి, చూపు తప్పిస్తే ఏడేళ్ళు దరిద్రం. పెద్దవాళ్ళ ముందు చూపు దించుకుని పెరిగిన మనిషి, పరీక్ష రాస్తున్నంత శ్రద్ధగా ఒక్కొక్కరి కళ్ళలోకీ చూసి మగ్గు తాటించాడు. క్లేర్ మెచ్చుకుంది. ఆఫీసులో పక్క సీటు స్టీవ్ భుజం తట్టాడు. మణిదీప్ దగ్గరికి వచ్చేసరికి వాడు నురగకేసి చూస్తూ తాటించాడు. నర్సింహ అది అప్పుడు పట్టించుకోలేదు.

రెండో హాలులో సాసేజులు, అకార్డియన్ వాయించే ముసలాయన. నర్సింహ పంది తినడు, బంగాళాదుంపలు తిన్నాడు, పాటకి బల్ల మీద దరువేశాడు. ఆఫీసువాళ్ళకి ఆశ్చర్యం. నువ్వు ఇంత సరదా మనిషివా, ఇన్నాళ్ళూ ఎక్కడ దాక్కున్నావు అన్నారు. ఆయన నాకు ఈ ముక్క చెబుతున్నప్పుడు కూడా మొహం వెలిగింది. చూడలేకపోయాను.

మూడో హాలు నది ఒడ్డున. అక్కడే బూటు వచ్చింది. గాజుతో చేసిన బూటు, మోకాలిదాకా ఉంటుంది, రెండు లీటర్ల బీరు పడుతుంది. ఆచారం ఏమిటంటే అది చేతి నుంచి చేతికి పోవాలి, ఒక్కొక్కరూ ఒక్కో గుక్క తాగాలి, ఖాళీ అయ్యేదాకా బల్ల మీద పెట్టకూడదు. క్లేర్ తాగి నర్సింహకి ఇచ్చింది. నర్సింహ తర్వాత స్టీవ్.

వీడియో ఇక్కడ మొదలవుతుంది. నర్సింహ లేచి నిలబడ్డాడు. తల వెనక్కి వాల్చాడు. బూటుని నోటికి జానెడు ఎత్తున పట్టి, దాని ముక్కు భాగం పక్కకి తిప్పి, సన్నటి ధారగా గొంతులో పోసుకున్నాడు. అంచు పెదవికి తగల్లేదు. చొక్కా మీద చుక్క పడలేదు. లొట్టి ఎత్తి కల్లు పోసుకున్న వంశం మరి. హాలు హాలంతా చప్పట్లు కొట్టింది. పక్క బల్లలవాళ్ళు కూడా లేచి అరిచారు. ఆ క్షణంలో ఇంటర్వ్యూ పెట్టి ఉంటే, కుర్చీ ఆయనదే.

డెరెక్ మైకు తెచ్చి అడిగాడు: ఇదేం విద్య, ఎందుకలా తాగావు?

నర్సింహకి చెప్పాల్సింది ఒకటే మాట, ఎంగిలి. అందరూ తాగే పాత్రకి నా నోరు తగలకూడదు. మీరు తాగాల్సింది నేను ఎంగిలి చేయకూడదు. అంతే, అందులో ఉన్నదంతా మర్యాదే. కాని ఆ మాటకి ఇంగ్లీషు కోసం వెతికితే, ఆఫీసులో పొద్దస్తమానం నలిగే మాటే నోటికొచ్చింది. టెస్టింగ్‌లో ఒకరి డేటా ఇంకొకరి దాంట్లో కలిసి చెడిపోతే కంటామినేటెడ్ అంటారు. మైకులో అదే అన్నాడు: "నోరు పెడితే కంటామినేట్ అవుతుంది కదా."

క్లేర్ నోరు పెట్టిన బూటు అది.

చప్పట్లు ఆగిపోయాయి. అంటే నా నోరు మురికి అంటావా అని క్లేర్ నవ్వుతూనే అడిగింది. నో నో, నాట్ యూ, మై మౌత్, అన్నాడు. మరి నీ నోటికేమైంది, జబ్బా అన్నాడు వెనకెవరో. నర్సింహ చెప్పేకొద్దీ చిక్కుపడింది. స్టీవ్ బూటు అందుకున్నాడు గాని తాగలేదు. పెట్టకూడని బల్ల మీద మెల్లగా పెట్టేశాడు.

ఆ బల్ల చుట్టూ తెలుగు తెలిసినవాళ్ళు ఇద్దరే. నర్సింహ రెండోవాడి వైపు తిరిగాడు. "మణీ, నువ్వన్న చెప్పు తమ్మీ," అనడం వీడియోలో స్పష్టంగా వినిపిస్తుంది. ఇది మీ దేశం పద్ధతా అని క్లేర్ కూడా వాణ్ణే అడిగింది. మణిదీప్ రెండు చేతులూ పైకెత్తాడు. "నేనెప్పుడూ చూళ్ళేదు మేట్," అన్నాడు ఇంగ్లీషులో. అందరూ నవ్వారు. వీడియో అక్కడితో అయిపోతుంది.

నేను దాన్ని నాలుగుసార్లు చూశాను. రోజూ అబద్ధాలు వినే ఉద్యోగం నాది. అబద్ధమాడుతున్నా మణిదీప్ గొంతులో తడబాటు లేదు.

ఎంగిలికి మన దగ్గర గొప్ప చరిత్రేమీ లేదని నాకూ తెలుసు. ఊళ్ళో దొర గడి ముందు నర్సింహ తాత దోసిలి పట్టి నిలబడితే, పైనుంచి చెంబుతో నీళ్ళు పోసేవాళ్ళట, చెంబుకి ఆయన నోరు తగలకుండా. నోరు మురికి అనిపించుకోవడం ఎలా ఉంటుందో పడి తెలుసుకున్నవాళ్ళ మనవడు. ఎదుటివాళ్ళ నోటిని ఆ మాట అనమన్నా అనని మనిషి. అదే మాట ఆయన మెడకి చుట్టుకుంది.

"వాళ్ళది ఎంగిలి అన్లే అక్కా," అన్నాడు మర్నాడు మా వంటింట్లో కూర్చుని. "నాది వాళ్ళకు తాకొద్దని జూసిన. గంతే."

"అది ఆ మణిదీప్‌కి తెలీదా? ఎంగిలంటే తెలీకుండా భీమవరంలో పెరిగినాడా?" అన్నాను నేను.

"నలుగుట్ల అడిగేసరికి పోరడు బెదిరిండు. ఏమనకు."

మంచోడు అని ఇందుకే అంటారేమో.

ఇంటర్వ్యూ బాగానే జరిగిందన్నాడు. వారం తర్వాత క్లేర్ పిలిచింది, చాలా మెత్తగా మాట్లాడిందట, టిష్యూ పెట్టె కూడా దగ్గరికి జరిపిందట. ప్యానెల్‌కి నీ అనుభవం మీద ఎంతో గౌరవం ఉంది, కాని టీమ్‌లో కొందరికి నీతో కొంచెం ఇబ్బందిగా ఉన్నట్టు తెలిసింది, నలుగురితో మాట్లాడే తీరు మీద ఒక ఆన్‌లైన్ కోర్సు పంపిస్తాను, చేయి. పోస్టు ఎవరికొచ్చింది అని అడిగాడు ఈయన. మణిదీప్‌కి. వాడు అప్లై చేశాడన్న సంగతే నర్సింహకి అప్పటిదాకా తెలియదు. రెండు నెలలు ఒకే కప్పు కింద పడుకుని, మూడేళ్ళు ఆ చేతి అన్నం తిని, నోరు విప్పి ఒక్క ముక్క చెప్పలేదు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అంటే వేరే ఉండదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర సహస్ర వీడియో చూసింది. దానికి పద్నాలుగేళ్ళు. తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషే. "బ్యాక్‌వాష్ అనాల్సింది డాడ్," అందట. సీసాకి నోరు పెట్టి తాగితే నోట్లోంచి తిరిగి లోపలికి పోయే నీళ్ళకి ఇక్కడి పిల్లలు ఆ మాట వాడతారు. స్కూల్లో ఎవరి వాటర్ బాటిల్ ఎవరూ ముట్టుకోరు, బ్యాక్‌వాష్ అని అరుస్తారు. నాకు బ్యాక్‌వాష్ ఇష్టం లేదు, మీకూ ఉండదు కదా అంటే అందరూ నవ్వి వదిలేసేవాళ్ళు అంది. ఉన్న మాటే. తొమ్మిదేళ్ళ ఆఫీసు ఇంగ్లీషులో అది ఒక్కసారీ ఆయన చెవిన పడలేదు. పబ్బులో పడి ఉండేదేమో.

తర్వాతి ఆదివారం నేను వాళ్ళింట్లోనే ఉన్నాను. మణిదీప్ స్వీట్ల డబ్బాతో వచ్చాడు. వస్తాడని నేను అనుకోలేదు. "అంతా మీ చలవేనండీ అన్నయ్యా," అని వంగి కాళ్ళకి దండం పెట్టబోయాడు. నర్సింహ వెనక్కి జరిగి, "కూసో, తిను," అన్నాడు. పుష్పలీల కంచం పెట్టింది. ఆ రోజు ఒకటే కూర. కోడికూర, కారం మాత్రం చెయ్యి జారినట్టుంది.

నాలుగు ముద్దలు తినేసరికి వాడికి పొలమారింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బల్ల మీద గ్లాసు లేదు. పుష్పలీల కదల్లేదు. వాడు ఎడంచేత్తో ఫ్రిజ్ తెరిచాడు, ఆ ఇంట్లో ఏది ఎక్కడుంటుందో వాడికి కొత్తేం కాదు. అందరూ తాగే నీళ్ళ సీసా తీసి మూత విప్పాడు. తల వెనక్కి వాల్చి, సీసా జానెడు పైకెత్తి, సన్నటి ధారగా గొంతులో పోసుకున్నాడు. పెదవికి అంచు తగల్లేదు. చుక్క కింద పడలేదు.

నేను నర్సింహ వైపు చూశాను. ఆయన ముద్ద కలుపుతున్న చెయ్యి ఆపి, వాడినే చూస్తున్నాడు.

"గదేంది మణీ, గట్ల తాగుతున్నవ్?" అన్నాడు మెల్లగా. "నేనెన్నడు చూడలే."

ధార తప్పింది. నీళ్ళు వాడి గడ్డం మీంచి, చొక్కా మీంచి కారి నేల మీద పడ్డాయి. వాడు సీసా దించాడు గాని, ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. పుష్పలీల గుడ్డ తెచ్చి నేల తుడిచింది, వాడి కాళ్ళ చుట్టూ. కాసేపటికి వాడు చెయ్యి కడుక్కుని, సగం కంచం వదిలేసి వెళ్ళిపోయాడు.

నర్సింహ తన అన్నం పూర్తిగా తిన్నాడు. తర్వాత లాప్‌టాప్ తెరిచి, సోమవారం పొద్దున పంపాల్సిన టెస్టింగ్ రిపోర్టు మొదలుపెట్టాడు. అది ఇప్పుడు మణిదీప్ పేరుకి పంపాలి.