తొమ్మిది వేలిముద్రలు తక్కువ

ఆ రోజుల్లో దేశాన్ని బాగుచేయడానికి కావలసినవన్నీ నా దగ్గర ఉండేవి. ఇరవై రెండేళ్ల వయసు, ఒక డిగ్రీ, బోలెడంత తీరిక. అందుకే మా చిన్నాయన తను పెట్టిన పార్టీకి నన్ను ప్రధాన కార్యదర్శిని చేశాడు. (పార్టీలో చదువుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే, పైగా జీతం ఇవ్వక్కర్లేదు.) ఓర్వకల్లు దాటాక రాళ్లగుట్టల కింద ఉండే మా ఊళ్లో బోరు నీళ్లు తాగితే ఎముకలు వంగిపోతాయి. మా చిన్నమ్మ మోకాళ్లు అట్లాగే వంగిపోయి, ముసలితనం రాకముందే ఆమె గోడ పట్టుకుని నడిచేది. మంచినీళ్ల పైపు కోసం చిన్నాయన అర్జీ పట్టుకుని ఎవరి గడప తొక్కినా మొదట అడిగే మాట ఒకటే. "ఏ పార్టీ అప్పా నువ్వు?" ఏ పార్టీ కాదంటే బయట బెంచీ చూపించేవాళ్లు. బెంచీల మీద కూర్చుని కూర్చుని విసిగిపోయి, "పార్టీ లేకుంటే లోపలికి రానీరంట. మనమే ఒకటి పెడదాం పట్రా" అన్నాడు. తాగునీటి ప్రజా పార్టీ అట్లా పుట్టింది. ఢిల్లీకి కాగితాలు పంపి, వాళ్లు తిప్పి పంపితే మళ్లీ పంపి, రిజిస్ట్రేషన్ చేతికొచ్చేసరికి చిన్నాయన తల నెరిసిపోయింది. ఊళ్లోవాళ్లు మాత్రం దాన్ని బిందె పార్టీ అనేవాళ్లు.

అసెంబ్లీ ఎన్నికలు వచ్చి, చిన్నాయన నిలబడతానన్నాక అసలు చిక్కు తెలిసింది. పేరున్న పెద్ద పార్టీ అభ్యర్థిని నియోజకవర్గంలో ఒక్క ఓటరు ప్రతిపాదిస్తే చాలట. మాబోటి బిందె పార్టీకి పదిమంది కావాలట. మా వైపు ఎన్నికలంటే పెద్దాయన. ప్రతిసారీ ఆయనే నిలబడతాడు, ఆయనే గెలుస్తాడు; ఆయనకు ఎదురు నిలబడినవాళ్లు ఏమయ్యారో ఎవరూ గట్టిగా మాట్లాడరు. సంతకం వచ్చినవాళ్లందరినీ అడిగి చూశాం. రేషన్ డీలరుకు ఆ వారమే చెయ్యి బెణికింది. సొసైటీలో అప్పున్న మామకు కళ్లజోడు కనబడలేదు. ఇంకొకాయన నన్ను దూరం నుంచి చూసి గొడ్లపాకలో దూరాడు. చివరికి ఒప్పుకున్న పదిమందీ వేలిముద్రవాళ్లే. గోడలు కట్టే మేస్త్రీ మామ, గొర్రెలాయన, పరుపులు కుట్టే ముసలామె పరుపులవ్వ, ఇట్లాంటివాళ్లు. వేలిముద్ర అయితే అధికారి కళ్లెదుటే వేయాలి. అందుకని ఆఖరి రోజు చిన్నాయన ముందుగా కర్నూలు వెళ్లి డిపాజిట్ కట్టి అక్కడే ఉండేట్టు, మూడు గంటలలోగా పదిమందినీ నేను తీసుకువచ్చేట్టు అనుకున్నాం.

మాట్లాడుకున్న ఆటో రాలేదు. డ్రైవరు ఫోను మోగలేదు. రోడ్డు పక్కన ఎండలో నిలబడి ఉంటే రెండు తెల్లబండ్లు వచ్చి ఆగాయి. అద్దం దించి పెద్దాయన నవ్వాడు.

"ఏమప్పా, ఈ ఎండలో యాడికి పోతాండారు? కర్నూలుకే గదా? ఎక్కండి, నేనూ ఆడికే."

మా వైపు పెద్దాయన బండి ఎక్కమంటే ఎక్కనని చెప్పిన మనిషి ఇంకా పుట్టలేదు. బండ్లు తిన్నగా ఆయన ఇంటి ముందే ఆగాయి. ఒక్క ముద్ద తిని పోదురు రమ్మన్నాడు. వేడివేడి సంగటి, పొట్టేలు కూర. తనే గరిటె పట్టుకుని వడ్డిస్తూ ఒక్కొక్కరి మంచీచెడ్డా అడిగాడు. "మేస్త్రీ, నీ కొడుకు ఫ్యాక్టరీలో చేరినాడంట గదా? డ్యూటీ దిగి బండి మీద ఒక్కడే వస్తాడంటనే. ఆ రోడ్డు మంచిది గాదు, జాగ్రత్తగా రమ్మను." గొర్రెలాయనతో, "గొర్రెల్ని ఆ గుట్ట ఎనకకే గదా నువ్వు తోలేది? తోడుకు ఎవురూ ఉండరా?" అన్నాడు. జనం బాగోగులు ఇంతగా గుర్తుపెట్టుకునే నాయకుణ్ణి నేను అంతవరకూ చూడలేదు. ఇంత మంచివాడి మీద పోటీ ఏమిటా అని కూడా అనిపించి, ఇంకో ముద్ద వేయించుకున్నాను. (ఆ మాటల్లో ఏముందో అర్థం కానివాణ్ణి ఆ ఇంట్లో నేనొక్కణ్ణే. డిగ్రీ ఉన్నదీ నాకొక్కడికే.)

పరుపులవ్వ మాత్రం విస్తరి ముందు కూర్చోలేదు. "నేను ఒక్కపొద్దు నాయనా. రంజాన్ నెలలో జరమొచ్చి కొన్ని పోయినాయి. అవి ఇప్పుడు తీర్చుకుంటాండా" అంది. "ఒక్కపొద్దున్నోళ్లను బలవంతం చేయగూడదు, నీడకు కూర్చోవ్వా" అన్నాడు పెద్దాయన.

చేతులు కడుక్కున్నాక నేను హుషారుగా "ఇంక పోదామా?" అన్నాను. ఎవరూ కదల్లేదు. మేస్త్రీ మామ తువాలుతో చేతులు తుడుచుకుంటూనే ఉన్నాడు.

"ఇంగ మేము యాడికొచ్చేదప్పా? ఆయప్ప ఇంట్లో ఉప్పు తింటిమి. ఇదే చేత్తో ఆయప్పకు ఎదురు ఏలిముద్ర ఎట్లేసేది?"

తిన్న ఇంటికి ఎదురు నిలవకూడదన్నది మా సీమలో చట్టం కన్నా పెద్దది. ఆ సంగతి పెద్దాయనకు తెలుసు. భయపడ్డామని చెప్పుకోలేని మనుషులకు, ఉప్పు తిన్నామని చెప్పుకోవడం ఎంత ఆసరానో నాకు చాలా ఏళ్ల తర్వాతగానీ తెలియలేదు. ఆయన వాళ్లను బెదిరించాడు, మళ్లీ వాళ్ల పరువూ కాపాడాడు. తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

పరుపులవ్వ కొంగు దులుపుకుని లేచింది. "నేను తినలా గదా. పా అబ్బోడా."

పెద్దాయన నవ్వు చెదరలేదు. "వాళ్లిద్దర్నీ చల్లగా దింపి రాపో" అని డ్రైవరుకు చెప్పాడు.

ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆఫీసు గేటు దగ్గర నిలబడిన చిన్నాయన, ఆ తెల్లబండిని, అందులోంచి దిగిన మా ఇద్దరినీ చూశాడు. "తక్కినోళ్లు?" అన్నాడు. "అన్నం తినినారు చిన్నాయనా" అన్నాను. ఈ నేల మీద పుట్టినవాడు గనుక ఇంకేమీ అడగలేదు. అక్కడే గోడవార కూలబడ్డాడు.

లోపలి అధికారి మర్యాదస్తుడే. "ఇస్తే తీసుకుంటాను. కానీ పదిమంది లేనిదే రేపు పరిశీలనలో పోతుంది. గుర్తింపు ఉన్న పార్టీ అయితే ఈ అమ్మ ఒక్కతే చాలు" అన్నాడు.

అవ్వ ఆయన ముఖంలోకి చూసింది. "అట్లనా సారూ? పెద్దాయన పిలిస్తే ఊరంతా పోతాది, ఆయప్పకు ఒక్కరు చాలునా? మా కాడికి రావాలంటే అందరికీ భయం, మాకు పదిమంది కావాల్నా?"

"రూలమ్మా" అన్నాడాయన, కాగితం వైపు చూస్తూ.

"సరే. యాడేయాల?"

"వద్దులేవ్వా" అన్నాడు చిన్నాయన. "పోయేదానికి ఎందుకు? నీ పేరు ఊరికే బయటపడతాది."

"బండి దిగినప్పుడే బయటపడె. ఒక్కపొద్దుండి మాట తప్పమంటావా?" అని అవ్వ గట్టిగా వేలు ఒత్తింది. తర్వాత ఆ సిరాను తీరిగ్గా కొంగుకు తుడుచుకుంది.

తిరుగు బస్సు సగం దారి వచ్చింది. చిన్నాయన నా వైపు తిరిగి, "సంగటి బాగుండిందా రా?" అన్నాడు. "శానా బాగుండింది" అన్నాను నిజాయితీగా. ఆయన నవ్వాడు, కళ్లు తుడుచుకున్నాడు, మళ్లీ నవ్వాడు. నేను ప్రధాన కార్యదర్శి హోదాలో బాగా ఆలోచించి, "వచ్చేసారి పదిమందినీ ఒక్కపొద్దుతోనే పిలుచుకుని పోదాం చిన్నాయనా" అన్నాను. ఆయన నా వీపు మీద తట్టాడు.

వచ్చేసారి రాలేదు. ఆ ఏడాది ఊళ్లో ఎవరూ అవ్వ చేత పరుపు కుట్టించుకోలేదు. చిన్నమ్మ పోయేదాకా ఆ బోరు నీళ్లే తాగింది. నాకూ ఇప్పుడు నలభై దాటాయి. పదిమంది కడుపులు ఖాళీగా ఉంచితే చాలు, పెద్దాయన మీద గెలవొచ్చని నమ్మిన ఆ కుర్రవాడు గుర్తొస్తే నవ్వొస్తుంది. వాడు ఏ బస్సులోనైనా నా పక్క సీట్లో కూర్చుంటే, నేను వాడి తప్పు దిద్దను. దిగాల్సిన చోటు వచ్చేదాకా అట్లాగే నమ్మనిస్తాను.