టైం టేబుల్ బావ ఇల్లు మారిన రోజు

మా బావ బస్సు డిపోలో టైంకీపరు. ఏ బస్సు ఎప్పుడు కదలాలో, దిగినవాళ్ళు ఏ బస్సు అందుకోవాలో చూడ్డం ఆయన పని. ఊరికే నిలబడ్డ బస్సు దండగ అంటాడు. అందుకే ఆయన్ని టైం టేబుల్ బావ అంటాను. అలా పిలిస్తే మురిసిపోతాడు కూడా, ఖర్మ.

పాత ఇల్లు అమ్మి ఇంకోటి కొన్నప్పుడూ అదే తెలివి వాడాడు. రెండు రిజిస్ట్రేషన్లూ ఒకే రోజు. పొద్దున పాతింటి తాళాలు ఇచ్చెయ్యడం, మధ్యాహ్నం కొత్తింటి తాళాలు పుచ్చుకోవడం. మా అక్క మొత్తుకుంది. వాళ్ళ మామగారు పక్షవాతంతో మంచం దిగలేని మనిషి. ఏదన్నా తేడా వస్తే ఆయన్ని ఎక్కడ పడుకోబెడతాం, పాతిల్లు ఇంకో వారం మన చేతిలో ఉండేలా రాయించుకోమంది. గోడకు చెప్పినా వినేదేమో. ఒక బస్సు దిగి ఇంకో బస్సు ఎక్కడానికి వారం కావాలా అని నవ్వాడు. ఆయన పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్ళు.

ఆ రోజు పాతింటి పని సజావుగానే అయింది. కొన్నవాళ్ళు సామాన్లతో సహా గుమ్మంలోకి వచ్చేశారు, పాపం వాళ్ళ తప్పేముంది. మేం పెద్దాయన్ని కారెక్కించి, వెనకాల సామాన్ల లారీతో కొత్తింటికి వెళ్ళాం. అక్కడ ఇంటావిడ సగం సర్దిన అట్టపెట్టెల మధ్య తెల్లమొహం వేసింది. వాళ్ళు కొనుక్కుంటున్న ఇంటికి బ్యాంకు లోను కాగితం రాలేదట. అది తేలేదాకా వాళ్ళు కదల్లేరు, మాకు సంతకమూ పెట్టలేరు. ఆ సంగతి పొద్దున్నే బ్రోకరుతో చెప్పించానే అంది.

బ్రోకరు బావకి చెప్పాడట. బావ మాకెవ్వరికీ చెప్పకుండా పాతింటి తాళాలు ఇచ్చేశాడు. ఆలస్యమైన బస్సు ఎప్పటికైనా వస్తుంది కదా అనుకున్నాడట. ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళను చాలామందిని చూశాను. దాటకముందే తగలేసిన మహానుభావుణ్ణి ఈయన్నే చూశాను.

ఉక్కపోత భరించలేకపోతుంటే పెద్దాయన్ని కారులోంచి దించి, గేటు పక్కన కుర్చీలో కూర్చోబెట్టాం. బావ ఫోన్లో బ్రోకరును తిడుతున్నాడు. బాత్రూంకి వెళ్ళాలని పెద్దాయన మెల్లగా అన్నాడు. కాస్త ఓర్చుకో నాన్నా, తాళాలు వచ్చేస్తాయి అని బావ అటు తిరిగాడు. ఇక ఆగలేక, ఆ నడివీధిలో, లారీవాళ్ళందరూ చూస్తుండగా, ఆ పెద్దమనిషి బట్టలు తడుపుకున్నాడు. కదిలే ఒక్క చెయ్యీ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఛీ, బావ అని పిలవడానికే నాకు రోత పుట్టింది.

ఇంటావిడ అట్టపెట్టెలు వదిలేసి గేటు దగ్గరికి వచ్చింది. అక్కతో పాటు ఒక చెయ్యి వేసి ఆయన్ని లోపలికి తీసుకెళ్ళింది. స్నానం చేయించారు. ఇంటావిడ వాళ్ళాయన బట్టలు తొడిగి, ఇంకా విప్పని మంచం మీద పడుకోబెట్టారు.

అప్పుడొచ్చాడు మా బావ. తండ్రి కాళ్ళ మీద పడతాడేమో అనుకున్నాను, పిచ్చిదాన్ని. చెప్పులతోనే గదిలోకి వచ్చి, మంచం వైపు కూడా చూడకుండా, రేపు ఎన్నింటికి ఖాళీ చేస్తారండీ, లారీవాడికి చెప్పాలి అన్నాడు.

పెద్దాయన కళ్ళు తెరిచాడు. నోరు సరిగ్గా తిరగని మనిషి, ఒక్కో మాటా కూడబలుక్కున్నాడు.

"అమ్మా, వీడికి ఇల్లు అమ్మకు."

బావ ఇంటావిడ వైపు తిరిగి నవ్వాడు. ఆయనకు మతి సరిగ్గా లేదండీ, పట్టించుకోకండి అన్నాడు.

అక్క ఆ తడి బట్టలు పిండుతూ తలెత్తింది.

"మామయ్యకి మతి బాగానే ఉంది," అంది.