మా అమ్మ తిన్న వెన్న దోసె

మా చిన్నప్పుడు... నందికొట్కూరు నుంచి కర్నూలుకు పోయేవాళ్ళెవరైనా ముందు మా ఇంటి అరుగెక్కేవాళ్ళు.

"ఏమప్పా, రేపు కర్నూలుకు పోతాండా. యాడ తినల్ల?"

మా నాయనకు పొలం గెట్టు తగాదా మీద కర్నూలు కోర్టులో దావా నడుస్తుండేది. వాయిదా వాయిదాకు పోయి రావడమే... తీర్పు మాత్రం రాదు. ఇంట్లో ఉన్నా అరుగు మీద అటూ ఇటూ తిరుగుతూనే ఉండేవాడు. హోటళ్ళ మాటెత్తితేనే కుదురుగా కూర్చునేవాడు.

"పొద్దున్నే దిగితే నది ఒడ్డున అవ్వ దగ్గర బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జి. చల్లారినాక తినగాకు. మధ్యాన్నం బురుజు దగ్గర సాయిబు హోటల్లో రొట్టె, పాయా... ఇంట్లో చెప్పగాకు. సాయంత్రం మాత్రం కోర్టు ఎదురుగా సామి హోటలే. వెన్న దోసె చెప్పు. లోపల బల్ల మీద కూచోబెట్టి మర్యాదగా పెడతారు."

తలుపు వెనక అమ్మ వింటూ ఉండేది. మర్నాడే పిండి రుబ్బేది. నాయన ఒక ముక్క తుంచి నమిలి, "ఊఁ... ఆ రుచి రాల్యా" అనేవాడు.

మెంతులు వేసి ఒకసారి, అటుకులు వేసి ఒకసారి... మళ్ళీ అదే మాట. అమ్మ చేతులు ఊరికే ఉండేవి కావు. తోమిన పెనమే మళ్ళీ తోమేది.

ఒకరోజు నాయన ఎడ్ల బేరానికి ఆత్మకూరు పోయాడు. ఆయన బండి ఊరు దాటిందో లేదో, అమ్మ పెట్టెలోంచి మంచి చీర తీసింది. నా జడ గట్టిగా బిగించి అల్లింది.

"పద పాపా, కర్నూలుకు పోతాం."

"ఎందుకమ్మా?"

"దోసె తినేకి."

రెండో ప్రపంచ యుద్ధం రోజులు... పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గుతో నడిచేవి. దారిలో ఆగిపోతే క్లీనరు దిగి వెనకున్న పొయ్యి కెలకాలి. ఆగినప్పుడల్లా అమ్మా దిగేది. రోడ్డు మీద కాస్త దూరం ముందుకు నడిచి, మళ్ళీ వెనక్కి వచ్చేది. నాకు భయమేసి, ఇంటికి తిరిగి పోదామంటే బాగుండుననిపించేది... ఆమెకు మాత్రం కాలు నిలవడం లేదు.

హోటల్లో అందరూ మగవాళ్ళే. గడప పైన బోర్డు ఉంది. నాకప్పుడే చదవడం వచ్చింది, గట్టిగా చదివేశాను... 'బ్రాహ్మణులకు మాత్రమే'. బల్లలన్నీ లోపల. తక్కినవాళ్ళంతా బయట వసారాలో నేల మీద కూర్చుని తింటున్నారు.

అమ్మ ఆ నేల వైపు చాలాసేపు చూసింది. నాయన రోజూ చెప్పే బల్ల... ఆయన దాని దగ్గరికి ఎప్పుడూ పోలేదు.

హోటలు సామి బయటికొచ్చాడు. "ఎవరి కోసమమ్మా?"

"దోసె కోసం సామీ."

"ఆడవాళ్ళు ఈడ కూచోరమ్మా. ఆకులో కట్టిస్తా, తీసకపోండి."

"ఇంటికి పోయేసరికి చల్లారుతాది. వేడిగానే తినల్లంట, మా ఇంటాయన చెప్పినాడు."

అంటూనే నన్ను లాక్కుని వసారాలో కూర్చుంది. తింటున్నవాళ్ళ చేతులు ఆగిపోయాయి. ఒకాయన తన ఆకు అవతలికి జరుపుకున్నాడు. అమ్మ మాత్రం లేవలేదు. సామి లోపలికి చూశాడు, బయటికి చూశాడు. చివరికి, "వెయ్ పో..." అన్నాడు వంటాయనతో.

అంచులు ఎర్రగా కాలి, మధ్యలో వెన్న కరుగుతూ వచ్చింది దోసె. అమ్మ ఒక ముక్క తుంచి వాసన చూసింది. నోట్లో పెట్టుకుంది. ఉన్నట్టుండి నవ్వింది.

"పాపా... ఇది బియ్యం పిండే. మనది కొర్ర పిండి గదా, ఈ రుచి యాడొస్తాది!"

మా మెట్ట పొలాల్లో పండేవి కొర్రలు, జొన్నలే. వరి అన్నం పండగలకే. ఇన్నాళ్ళూ తప్పు తన చేతిలో ఉందనుకుంది పిచ్చితల్లి...

మేము ఇల్లు చేరేసరికి నాయన వచ్చేసి, అరుగు మీద మనుషుల మధ్య ఉన్నాడు.

"యాడికి పొయ్యింటివి?" అని గద్దించాడు.

"కర్నూలుకు. నువ్వు చెప్పే హోటల్లోనే దోసె తినొచ్చినా."

నాయన ముఖం పాలిపోయింది. పక్కింటి చిన్నాయన ఆత్రంగా అడిగాడు. "ఏమొదినా, లోపల బల్ల మీదనే కూచోబెట్టిరా?"

నేను నోరు తెరిచాను. అమ్మ నా భుజం నొక్కింది.

"మీ అన్న పేరు చెప్తే యాడైనా కూచోబెడతారప్పా. దోసె శానా బాగుండాది. శట్నీ మాత్రం నాదే మేలు."

అని లోపలికి పోయింది. కాసేపటికి నాయన వంటింటి గడప దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"భయం కాల్యా?"

"అయింది. ఆకలి గూడా అయింది."

ఆ తర్వాతి వాయిదాకు మమ్మల్నీ తీసుకుపోయాడు. ముగ్గురం ఆ వసారాలోనే తిన్నాం. అప్పటి నుంచీ అరుగు మీద ఎవరడిగినా నాయన చెప్పే మాట వేరు. "సామి హోటల్లో వసారాలో కూచో అప్పా, బాగా గాలొస్తాది. ఆడోళ్ళనూ పిల్చుకపో."

ఆ బోర్డు ఎప్పుడు తీశారో నాకు తెలియదు... ఇప్పుడు మా మనవరాలు ఏ హోటలుకైనా ఒక్కతే పోతుంది. కిటికీ పక్క బల్ల చూసుకుని, ఫోను చూస్తూ సగం దోసె వదిలేసి వస్తుంది. వదిలేసినందుకు కోప్పడాలనిపిస్తుంది... అంత నిశ్చింతగా కూర్చున్నందుకు ఊరుకుంటాను.

మీ ఇంట్లో మొట్టమొదట హోటల్లో కూర్చుని తిన్న ఆడమనిషి ఎవరు? ఏం తిన్నదో ఎవరికైనా గుర్తుందా...