చెక్కుబుక్కు ఎవరి దగ్గర ఉంటుంది?

మొన్న ఖమ్మంలో మిర్చి యార్డు పక్కనుంచి బ్యాంకుకు నడుస్తుంటే ఘాటు గొంతులోకి దూరింది. దగ్గు ఆగక, కళ్ళు తుడుచుకుంటూ గోడ పట్టుకుని నిలబడ్డాను. చేతి సంచిలో అప్పు రెన్యువల్ కాగితాలు ఉన్నాయి. వారం నుంచి చదువుతున్నవే. అయినా ఎక్కడో ఒక వాక్యం నా కన్నుగప్పి కొంప ముంచుతుందేమోనని భయం. ఎవరో నీళ్ళసీసా అందించారు. తాగుతుంటే వసుంధరమ్మగారు గుర్తొచ్చారు. ఆవిడే ఉంటే, దగ్గడం అయ్యాక ఇంకోసారి చదవమని కసిరేవారు.

మీరెవరూ ఆవిణ్ణి చూసి ఉండరు. పెనుబల్లి దగ్గర కారం గిర్నీ, దానికి ఆనుకుని పచ్చళ్ళ యూనిట్ నడిపేవారు. వాళ్ళ పెద్దలు కోస్తా నుంచి వచ్చి ఇక్కడ పొలాలు కొనుక్కుని స్థిరపడ్డారు. భర్త పోయాక ఆవిడ ఈ వ్యాపారంలోకి దిగారట. మాది అడవి అంచున కోయగూడెం. డిగ్రీ అయ్యాక ఖమ్మంలో ఉద్యోగం దొరక్క ఆవిడ దగ్గర ప్యాకింగ్‌లో చేరాను. నేను పుట్టు పిరికిదాన్ని, ఫోన్ మోగినా ఉలిక్కిపడతాను. సరిగ్గా అందుకే నన్ను దుకాణాల చుట్టూ తిప్పేవారు. కొత్త పచ్చడి ఏదైనా ముందు కొంచెమే చేయించి, నా చేత అమ్మించి, జనం మళ్ళీ అడిగితేనే జాడీలు కొనేవారు. మెషీన్ కొన్నాక గిరాకీ వెతుక్కునేవాళ్ళంటే ఆవిడకు ఒళ్ళుమంట. ఒకసారి నేను సీలు సరిగ్గా వెయ్యని ప్యాకెట్లన్నీ నా ముందు గుమ్మరించి, మాట్లాడకుండా వెళ్ళిపోయారు. దానికంటే నాలుగు తిట్టినా బాగుండేది.

ఒక రోజు మా అమ్మ చేసిన ఇప్పపువ్వు లడ్డూలు డబ్బాలో తీసుకెళ్ళాను. ఆవిడ ఒకటి తిని, ఇంకోటి తిని, ఇవెందుకు అమ్మవని అడిగారు. ఆ మాటతో నాకు నిద్ర కరువైంది. భద్రాచలం వచ్చే యాత్రికులు కొంటారు, సందేహం లేదు. కానీ పువ్వు ఆరబెట్టే డ్రయ్యరు, షెడ్డు, లైసెన్సు... డబ్బెక్కడిది? అప్పుడు ముందుకొచ్చింది ఆవిడ మరిది శేషగిరిగారు. ఆయన చెడ్డవాడని చెప్తే నా కళ్ళు పోతాయి. మా అమ్మను పాము కరిచినప్పుడు తన కారులో దవాఖానాకు తీసుకెళ్ళింది ఆయనే. మా నాన్న చేసేది ఆయన పొలం కౌలే. ఆయన చెప్పిన పద్ధతి ఇదీ: గిరిజన మహిళ పేరు మీద పెడితే సబ్సిడీ వస్తుంది, అప్పు తేలిగ్గా దొరుకుతుంది. కాబట్టి యూనిట్ నా పేరు మీద. బ్యాంకు మనల్ని పెట్టమనే సొంత డబ్బు ఆయనది, నడిపేదీ ఆయనే. నాకు నెల జీతం. ఆయన మాట పూర్తికాకముందే నాన్న సరేనన్నాడు. నాకూ మొదట సంబరమే. ప్రొప్రైటర్ అని నా పేరుతో బోర్డు కూడా ఊహించుకున్నాను. తర్వాత మొదలయ్యాయి అనుమానాలు.

కాగితాలు పట్టుకుని, నాన్నను వెంటబెట్టుకుని ఆయన గిర్నీకే వచ్చారు. వసుంధరమ్మగారు బెంచీ మీద కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తున్నారు. అంతా విని ఒకటే అడిగారు.

"చెక్కుబుక్కు ఎవరి దగ్గర ఉంటుందయ్యా?"

ఆయన నవ్వారు. "నా దగ్గరే వదినా. ఆ పిల్లకేం తెలుసు, పాపం."

అప్పు కట్టకపోతే బ్యాంకువాళ్ళు ఎవరింటికొస్తారని అడిగారు. మనలో మనకి ఇవన్నీ ఏంటన్నారాయన. లాభంలో దీని వాటా ఎంతని అడిగారు. జీతం ఇస్తున్నాం కదా అన్నారాయన, ఈసారి నవ్వకుండా.

"అయితే అప్పు దానిది, లాభం నీది," అన్నారావిడ, పచ్చడిలో ఉప్పు చాల్లేదన్నంత మామూలుగా. తర్వాత నావైపు తిరిగారు. వద్దని ఆవిడే చెప్తే బాగుండు, నెపం ఆవిడ మీదకు నెట్టెయ్యొచ్చని చూస్తున్నాను. "నేను చెప్పను. సంతకం నీది, నువ్వే చెప్పు," అన్నారు.

నాన్న నన్నే చూస్తున్నాడు. ఆ చూపులో బెదిరింపు లేదు, బతిమాలడమే ఉంది. "పెట్టను సార్," అన్నాను. ఎవరికీ వినపడలేదు. మళ్ళీ అన్నాను. శేషగిరిగారు కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయారు.

ఇంటికొచ్చాక నాన్న కోప్పడలేదు. "గాయన కౌలు వద్దంటే ఏం తింటం బిడ్డా?" అని మాత్రం అడిగాడు. ఆ ఏడు నిజంగానే కౌలు వద్దన్నారు. నాన్న ఇల్లందులో కాపలా పనికి కుదిరాడు. సెలవు రోజున బస్సు దిగి వచ్చే ఆయన మొహం చూసినప్పుడల్లా నేను తెలివైన పని చేశానో, ఇంటిల్లిపాదినీ గంగలో ముంచానో అర్థమయ్యేది కాదు.

వసుంధరమ్మగారిని అప్పు అడిగాను. ఇవ్వనన్నారు. ఇంత చేసి నడిరోడ్డు మీద వదిలేస్తారా అని మనసులో తిట్టుకున్నాను కూడా. "అప్పిస్తే రేపు నీ మీద నేను పెత్తనం చేస్తా. సరుకియ్యి, కొంటా," అన్నారు. తన పచ్చళ్ళు వెళ్ళే దుకాణాల కోసం లడ్డూలు ఆర్డరిచ్చి, సగం డబ్బు ముందే చేతిలో పెట్టారు. అది ఇంటి ఖర్చులో కలిసిపోకూడదని వ్యాపారం పేరుతో వేరే ఖాతా తెరిపించారు. లైసెన్సు నా పేరునే తీయించారు. షెడ్డు అప్పుడే వద్దన్నారు, ఎండలో ఆరబెట్టిన పువ్వు, ఇంటి వంటగది చాలన్నారు. డ్రయ్యరుకు అప్పు ఆర్డర్లు నిలకడగా వచ్చాకే, అదీ అమ్మకాల్లోంచి కిస్తీ కట్టగలిగినంతే. ఎంత తక్కువైనా నా జీతం నేను రాసుకోవాలి, లేకపోతే లేని లాభం ఉందని నన్ను నేనే మోసం చేసుకుంటానట. ఎవరినైనా భాగస్వామిగా కలుపుకుంటే ఎవరి పెట్టుబడి ఎంత, ఎవరి పని ఏది, విడిపోతే ఎవరికేం వస్తుంది, అన్నీ ముందే స్టాంపు కాగితం మీద ఉండాలి. చుట్టమైతే మరీను. ఇదంతా ఆవిడ జాడీలు కడుగుతూనో, ఉప్పు కొలుస్తూనో చెప్పేవారు. నేను భయపడుతూనే చేసుకుపోయాను. బూజుపట్టి పెట్టెలకు పెట్టెలు వెనక్కొచ్చిన రోజున ఇక అయిపోయిందనుకున్నాను. అయిపోలేదు.

మరుసటి ఎండాకాలం లడ్డూలు ఇవ్వడానికి వెళ్తే గిర్నీకి తాళం. సత్తుపల్లికి మారారని పక్కవాళ్ళు చెప్పారు. వెతుక్కుంటూ వెళ్ళాను. ఇరుకు కిరాయి షెడ్డు, జాడీల మధ్య ఆవిడకు కాలు పెట్టే చోటు లేదు. ఎందుకు మారారని అడిగితే, పాత గిర్నీ ఉన్నది శేషగిరిగారి స్థలంలోనని, ఖాళీ చెయ్యమన్నారని చెప్పారు.

"నా వల్లేనా అమ్మా?"

"నీ వల్ల ఏంటే? కాగితం లేకుండా మరిది మాట మీద కట్టాను. నీకు చెప్పినవన్నీ నేను చెయ్యనివే," అంటూ నా చేతిలోంచి పెట్టె అందుకుని లోపలికి వెళ్ళిపోయారు.

ఆవిడ పోయి ఏడాది దాటింది. నాకిప్పుడు షెడ్డు ఉంది, డ్రయ్యరు ఉంది, నాన్న ఇల్లందు నుంచి వచ్చేశాడు. గూడెం ఆడపిల్లలు సలహాకు వస్తే ఖాతా, లైసెన్సు, ఒప్పందం అంటూ గడగడా చెప్పేస్తాను. చెప్పడం తేలికే. ఆవిడ చేసింది చేయగలనా అంటే, తెలియదు. మరిదిని ఆ ప్రశ్నలు అడిగిన రోజున ఆవిడ కూర్చున్నది ఆయన స్థలంలో. ఒక్క మాటతో గిర్నీ పోతుందని ఆవిడకు తెలియదనుకోను. ఆవిడకు భయం వెయ్యలేదన్నా నమ్మను. నాలాగే భయపడుతూ అడిగి ఉంటారు. ఏ కాగితం చూసి భయమేసినా నన్ను నిలబెడుతున్నది ఆ నమ్మకమే.