మైల ఉన్నంతసేపే

పరదేశం పోవాలంటే ఓడ ఎక్కాలని అందరూ అనుకుంటారు. మాకు అంత శ్రమ అక్కర్లేదు. కృష్ణ అవతల నిజాం రాజ్యంలో కాలు పెడితే చాలు, పరదేశమే. రూపాయి వేరు, నెలల పేర్లు వేరు, సర్కారు కచేరీలో మాట్లాడే భాష వేరు. సరిహద్దు నాకా దగ్గర ఖాకీ బట్టల వాళ్లిద్దరు నా రేకుపెట్టె తెరిచి, చీరలన్నీ కింద పరిచి, అమ్మ పెట్టిన ఆవకాయ జాడీ చుట్టూ కూర్చుని చాలాసేపు చర్చించుకున్నారు. చివరికి ఒకడు వేలు ముంచి నాకి, కళ్లనీళ్లు పెట్టుకుని, పొమ్మని చెయ్యి ఊపాడు. కొత్త ప్రభుత్వంతో నా మొదటి పరిచయం అది. తరువాత జరిగిన పరిచయాలు దీనికంటే గొప్పగా ఏమీ లేవు.

మా తాత గుంటూరు వైపు ఒక మోతుబరి దగ్గర పాలేరు. ఆయనకు చెప్పుకోవడానికి సెంటు భూమి లేదు. మా నాన్న క్రైస్తవుడై, నాలుగు అక్షరాలు నేర్చుకుని, పల్లె బడిలో పంతులయ్యాడు. నన్ను నర్సును చేయాలని ఆయన కోరిక. మా వైపు ఆసుపత్రులలో జాగా దొరకలేదు. నల్లగొండ వైపు ఒక దవాఖానలో ఆడపిల్లలకు తిండి పెట్టి తర్ఫీదు ఇస్తారని ఎవరో చెప్పారు. యుద్ధం రోజులు కావడంతో పెట్రోలు లేక బస్సులు బొగ్గుతో నడిచేవి. కట్టంగూరు దగ్గర మా బస్సు ఆగిపోయింది. డ్రైవరు దిగి వెనక డబ్బాలో బొగ్గులు కెలుకుతుంటే పక్కనున్న ముసలాయన నన్ను పలకరించాడు.

"ఏడికి బిడ్డా?"

"దవాఖానకండీ."

"ఏం రోగం?"

"రోగం కాదండీ. పని నేర్చుకోవడానికి."

"పనికి గింత దూరమా? మీ కాడ రోగాలు లేవా?"



దవాఖానలో మొదటి నెలలు గిన్నెలు కడగడంతో, కట్టు గుడ్డలు ఉడకబెట్టడంతో, రోగుల మంచాల కింద శుభ్రం చేయడంతో గడిచాయి. దాన్నే తర్ఫీదు అంటారని తెలిశాక నవ్వొచ్చింది. ఈ పని మా ఇంట్లోవాళ్లు తరతరాలుగా ఎవరి దగ్గరా తర్ఫీదు లేకుండానే చేస్తున్నారు. పొద్దున జొన్నరొట్టె, సాయంత్రం జొన్నరొట్టె. దవడలు నొప్పి పుట్టి మంచం మీద పడి ఏడ్చేదాన్ని. నా మాట వినడానికి రోగులు పక్క మంచాల వాళ్లను లేపేవారు. "ఇంకోపారి మాట్లాడు నర్సమ్మా, పాట లెక్క ఉంటది" అనేవారు. వాళ్ల ఎగతాళిలో విషం లేదు. కొన్నాళ్లకు నేను కూడా "జర ఆగుండ్రి" అనడం నేర్చుకున్నాను.

విషం అంతా మా డాక్టరు గారి దగ్గర ఉండేది. ఆయన మా వైపు మనిషే. మద్రాసులో చదివాడు. చెట్ల కింద మేకలు కూడా నోళ్లు తెరుచుకుని పడుకునే ఎండలో ఆయన కోటు విప్పేవాడు కాదు. విప్పితే మద్రాసు ఎక్కడ ఊడిపోతుందో అని భయం కాబోలు. రోగులు వెళ్లిపోయాక వాళ్లు మాట్లాడిన తీరును అనుకరించి నవ్వేవాడు. "ఇదీ ఒక తెలుగేనా, అమ్మాయ్!" అని నా వైపు చూసేవాడు, నేను కూడా నవ్వాలని. నేను నవ్వేదాన్ని కాదు. తర్ఫీదు పూర్తయ్యాక నన్ను ఉంచాలా పంపాలా అన్నది ఆయన నోటిమాట మీద ఉంది కాబట్టి నోరు మాత్రం మూసుకునేదాన్ని. ఆయనకు గొంతులు రెండు. కూలివాళ్లతో మాట్లాడేటప్పుడు పైకప్పు ఎగిరిపోయేది. దొరల ఇంటి నుంచి బండి వచ్చిందంటే అదే గొంతు నేతిలో వేయించినట్టు మెత్తబడేది.

అటువంటి బండి ఒకటి మర్రిగూడ వైపు నుంచి వచ్చింది. గుడ్డలు కట్టిన కచ్చడం. అక్కడి దొర చిన్నకోడలికి నొప్పులు మొదలయ్యాయట. మంత్రసాని వల్ల కాలేదట. తల్లి లేని పిల్ల, అందుకే తొలిచూలు పురుడు అత్తగారింట్లోనే పెట్టుకున్నారు. మగ డాక్టరు లోపలికి రాకూడదు కాబట్టి ఆయనను అరుగు మీద కుర్చీలో కూర్చోబెట్టి, నన్ను లోపలికి రమ్మన్నారు. గడప దగ్గర అత్తగారు, పెద్ద దొరసాని, చెయ్యి అడ్డం పెట్టింది.

"ఓ పొల్లా, మీరేం కులమోళ్లు?"

"క్రైస్తవులమండీ."

"గది ఇప్పటి సంగతి. అంతకుముందు?"

చెప్పాను. ఆమె మొహం చిట్లించి పక్కనున్న ఆడవాళ్లను చూసింది. లోపల కోడలు కేక పెట్టింది. అప్పుడా పెద్దమనిషి ఒక ధర్మసూక్ష్మం కనిపెట్టింది. "పురిటి అర్ర గదా. ఎట్లైనా మైలనే. మైలల మైల కలుస్తది. పోనియ్యుండ్రి."

అలా లోపలికి వెళ్లాను. నేను అపవిత్రం కాకపోవడం వల్ల కాదు, ఆ గది నాకంటే ఎక్కువ అపవిత్రం కావడం వల్ల. ఆ ఇంటి ఆడవాళ్లు వేడినీళ్లు గడప అవతలే పెట్టి పోయారు. ఆ పిల్లకు పదహారేళ్లుంటాయేమో. నా మెడకు చేతులు పెనవేసి, "అక్కా, నన్ను ఇడిచిపెట్టిపోకు" అని ఒకటే ఏడుపు. బిడ్డ అడ్డం తిరగలేదు కానీ భుజం చిక్కుకుంది. ఎట్లాగో బయటపడ్డాడు. మగపిల్లవాడు అనగానే బయట పండుగ మొదలైంది. డాక్టరు గారు కుర్చీలోంచి లేచి అభినందనలు అందుకున్నారు. ఆయన పడిన శ్రమల్లా రెండు గ్లాసుల పాలు తాగడం.

తరువాత పురుడు తానం అయింది. ఇల్లంతా అలికి, సున్నం వేసి, పసుపునీళ్లు చల్లారు. ఆ పిల్లను లోపలి హాలులోకి మార్చారు. ఇంకొన్నాళ్లకు మళ్లీ బండి వచ్చింది. బాలింతకు జ్వరం, ఒళ్లు తెలియడం లేదు.

బండిలో డాక్టరు గారు నన్ను అడిగారు, పిల్లవాడు పాలు ఎట్లా తాగుతున్నాడని బండివాడు ఏమైనా చెప్పాడా అని. ఒక్క వైపే తాగుతున్నాడట, రెండో వైపు ముట్టుకోనివ్వడం లేదట అన్నాను. "అయితే రొమ్ములో గడ్డ. చీము పట్టి ఉంటుంది. చీల్చకపోతే పిల్ల దక్కదు" అన్నారాయన. ఇది గుర్తుపెట్టుకోండి. ఆయనకు తెలియక కాదు.

ఈసారి నన్ను దొడ్డి వాకిలి దగ్గరే ఆపేశారు. "ఇల్లు శుద్ధి అయింది, నువ్వు ఆడ్నే ఉండు" అంది పెద్ద దొరసాని. డాక్టరు గారికి దొడ్డి వైపు అరుగు మీద, దొర పక్కన, అదే కుర్చీ, అదే పాలు. తెర అవతల నుంచి అత్తగారు కోడలి బాధలన్నీ తనే చెప్పింది. నేను నిలబడ్డ చోటి నుంచి తలుపు సందులో ఆ పిల్ల కనిపిస్తోంది. చాప మీద పడుకుని ఎడమ చెయ్యి ఒంటికి తగలకుండా దూరంగా పెట్టుకుంది. మొహం కమిలిపోయి ఉంది.

నేను ఉండబట్టలేక అక్కడి నుంచే గట్టిగా అన్నాను. "గడ్డ అండీ అది. కోసి చీము తీయాలి. లేకపోతే ప్రాణానికే ముప్పు."

"ఎవలు కోస్తరు?" అంది అత్తగారు.

డాక్టరు కోయకూడదు, మగవాడు. నేను కోయకూడదు, నా పుట్టుక అలాంటిది. దవాఖానలో వేరే నర్సులు ఉన్నారు గానీ అందరం ఒకే బాపతు. ఇప్పుడు ఒక్క మాట చెప్పవలసింది డాక్టరు గారు. దొర ఆయన మాట తీసెయ్యడు. బండిలో నాతో అన్న ముక్క ఇక్కడ అంటే చాలు. నేను ఆయన వైపు చూశాను. ఆయన పాలగ్లాసు కింద పెట్టి, మూతి తుడుచుకుని, ఆ నేతి గొంతుతో, "అంతదాకా ఎందుకండీ, చలిజ్వరం. మందు కలిపిస్తాను, తగ్గిపోతుంది" అన్నారు.

నా జీవితంలో చాలామంది పిరికివాళ్లను చూశాను. పిరికితనానికి జాలిపడొచ్చు. కోటు వేసుకున్న పిరికితనాన్ని మాత్రం నేను క్షమించలేను. ఆ క్షణాన ఆ మనిషి మీద నాకు కలిగిన అసహ్యం ఇప్పటికీ పచ్చిగానే ఉంది. "బండిలో ఏమన్నారండీ మీరు?" అని అందరూ వినేటట్టు అడిగాను. "నోర్ముయ్యి అమ్మాయ్" అన్నారు. ఆ గొంతు నేతిది కాదు, రెండోది.

పోనీ, ఆమెనే దొడ్లోకి తీసుకురండి, ఇక్కడ చూస్తాను అన్నాను. బాలింత బయటికొస్తే గాలి సోకుతుందన్నారు. లోపల పడి చావడం కంటే గాలి సోకడం వాళ్లకు పెద్ద ప్రమాదం.

అప్పుడు లోపల అలికిడి అయింది. ఆ పిల్ల లేచింది. గోడ పట్టుకుని నిలబడింది. అంత జ్వరంలో అంత గొంతు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. అరుగు మీది మగవాళ్లు, దొడ్లోని జీతగాళ్లు అందరూ వినేటట్టు అరిచింది.

"నేను ముట్టయిన! నన్ను బైట కూసోవెట్టుండ్రి!"

ఆడవాళ్లు చెవులు మూసుకున్నారు. దొర గబుక్కున లేచి మొహం అటు తిప్పుకున్నాడు. "ఇంత జల్దిన ఎట్లయితవే?" అంది అత్తగారు. కోడలు పూజగది వైపు, వాళ్లు దేవునర్ర అంటారు, రెండడుగులు వేసి, గడప మీదికి చెయ్యి చాపింది. ముట్టుకోలేదు. ముట్టుకుంటానన్నట్టు అత్తగారిని చూసింది. అంతే, దారి ఇవ్వడానికి ఇల్లంతా పక్కకు తప్పుకుంది.

ముట్టయినవాళ్లు కూర్చునే గుడిసె దొడ్లో పశువుల కొట్టం పక్కన ఉంది. ఆ పిల్ల నన్ను దాటి అందులోకి వెళ్లి నులకమంచం మీద పడింది. ముసలామెకు అది అబద్ధమని తెలుసు. ఆమె కళ్లలోనే తెలిసింది. కానీ కాదని నిరూపించాలంటే ముట్టుకోవాలి కదా. "ఇగ పో, చూసుకో" అంది నాతో. మైలలో మైల మళ్లీ కలిసింది.

నేను మా మందుల డబ్బాలోంచి ఉడికించిన కత్తి తీశాను. డాక్టరు గారు గుడిసె వెనక్కి వచ్చి, మర్యాదస్తుడు కాబట్టి గోడ వైపు తిరిగి నిలబడి, ఎక్కడ కోయాలో, ఎంత లోతు కోయాలో గోడకు బోధించడం మొదలుపెట్టారు. ఆయన బోధన సగంలో ఉండగానే గిన్నె నిండా చీము పట్టాను. ఆ పిల్ల కొంగు నోట్లో కుక్కుకుంది. కేక పెట్టలేదు. సాయంత్రానికి జ్వరం దిగింది. డాక్టరు గారు దొర ఇచ్చిన నేతికుండతో బండెక్కి వెళ్లిపోయారు. ఆ తరువాత చాలాకాలం ఆయన ఆ ఆపరేషన్ గురించి పెద్దమనుషులతో చెప్పుకున్నారు. ఆ మాటల్లో నేను ఎక్కడా లేను, గోడ కూడా లేదు.

కట్లు మార్చడానికి నేను ఆ గుడిసెలోనే ఉండిపోయాను. ఇద్దరికీ అన్నం దూరం నుంచి ఆకులో పడేసేవారు. నీళ్లు పై నుంచి దోసిట్లో పోసేవారు. పిల్లవాణ్ణి పాలకు తెచ్చేటప్పుడు ఒంటి మీది గుడ్డ తీసేసి దిగంబరంగా పడుకోబెట్టి పోయేవారు. గుడ్డ లేకపోతే మైల అంటదట. ఆ శాస్త్రం విని నేను పగలబడి నవ్వాను. ఆమె కూడా నవ్వింది. తెలివైన పిల్ల. రాత్రిళ్లు నా చీర కొంగు పట్టుకుని నిద్రపోయేది. తన ఒంట్లో ప్రాణం నిలుపుకోవడానికి అందరి ముందు సిగ్గు వదిలేసిన ఆ ధైర్యానికి నేను మురిసిపోయాను. ఆ ఇంట్లో మనిషి అనదగ్గది ఆమె ఒక్కతేనని అనుకున్నాను.

మూడు రోజులకు గాయం తగ్గుముఖం పట్టింది. మరునాడు తలంటు పోసి లోపలికి తీసుకుపోతామని కబురు వచ్చింది. ఆ సాయంత్రం పిల్లవాణ్ణి పక్కన పడుకోబెట్టుకుని ఆమె నా వైపు చెయ్యి చాపింది.

"అక్కా, రేపు తానమైనంక నిన్ను ముట్టరాదు గదా. ఇయ్యాల జర దగ్గర కూసో."

ఎంత ప్రేమగా అందో చెప్పలేను. అందులో కొంచెం కూడా వెటకారం లేదు. రేపు వాన పడుతుంది అన్నట్టుగా అంది. అత్తగారు చెయ్యి అడ్డం పెట్టినప్పుడు కలగని బాధ, డాక్టరు గోడ వైపు తిరిగినప్పుడు రాని కోపం అప్పుడు వచ్చాయి. ముట్టు అని అబద్ధమాడి తన ప్రాణం దక్కించుకున్న మనిషి, నా కోసం ఒక అబద్ధం ఆడాలని కూడా అనుకోలేదు.

"ఎందుకు ముట్టరాదు?" అని అడిగాను.

ఆమెకు ప్రశ్నే అర్థం కాలేదు. "గట్లంటవేందక్కా?" అంది.

నేను ఆమె చెయ్యి పట్టుకోలేదు. కట్టు ఒకసారి సరిచూసి, పిల్లవాణ్ణి ఆమె వైపు జరిపి, బయటికి వచ్చి కొట్టం గోడకు ఆనుకుని కూర్చున్నాను. లోపల ఆమె "అక్కా, అక్కా" అని పిలుస్తూనే ఉంది.