చెన్నప్ప మామ బీడు పెట్టిన చేను

చదివేవాళ్లు ముందే నా మీద దయ ఉంచాలి. నాకు రాయడం రాదు. ఐదో తరగతి పూర్తి కాకముందే పలక కింద పెట్టి కాడి పట్టినవాణ్ణి. ఒత్తు ఎక్కడ పెట్టాలో, ఏ మాట తర్వాత ఏ మాట రావాలో ఇప్పటికీ భయమే. రాసిన కాగితాలు కొన్ని చించేశాను కూడా. కానీ ఈ పొద్దున కోడలు పచ్చి శెనక్కాయలు ఉప్పేసి ఉడకబెట్టింది. మూత తీసేసరికి మట్టివాసన కలిసిన ఆ ఆవిరి వసారా దాకా వచ్చింది. అందరూ గిన్నె చుట్టూ చేరి ఒలుచుకుని తింటున్నారు. నాకు మాత్రం అట్లాంటి గిన్నె ముందు చేతులు ముడుచుకుని కూర్చున్న మనిషి కనబడ్డాడు. ఆయన పేరు చెన్నప్ప. మీరెవరూ ఆయన్ని చూసి ఉండరు. ఆయన పేరు మా ఊరు దాటి పోలేదు. అందుకే ధైర్యం చేసి రాస్తున్నాను.

మాది రాయచోటి దగ్గర ఎర్రనేలల ఊరు. మా నాయన పోయాక చెన్నప్ప నన్ను తన ఇంట్లో సేద్యానికి పెట్టుకున్నాడు. రక్తసంబంధం లేదు, వరసకు మామ. నాకు తిండీ బట్టా పెట్టి, ఏడాదికింత గింజలు మా అమ్మకు కొలిచేవాడు. ఆయన భార్య లక్షుమ్మత్త. వాళ్లకు ఒక్కడే కొడుకు రామాంజులు, నాకంటే కొంచెం చిన్నవాడు. రాయచోటి హైస్కూలుకు రోజూ నడిచిపోయి చదివేవాడు. గంజి కేంద్రాల ముందు జనం చెంబులు పట్టుకుని నిలబడిన కరువు ఏండ్లలో కూడా మామ ఆ పిల్లోడి బడి మాన్పించలేదు. మంచి మార్కులతో ఎస్సెల్సీ పాసయ్యాడు. మా ఊళ్లో అంతకుముందు ఆ పరీక్ష పాసయినవాళ్లు లేరు.

ఇక ఏం చదవాలి అనే మాట వచ్చింది. ఒక పొద్దున అరుగు మీద పెద్దమనుషులు చేరారు. మామకు అన్న వరసయ్యే ఓబన్న మొదలుపెట్టాడు.

"ఏమప్పా చెన్నప్పా, పిల్లోన్ని కడపకు కాలేజీకి పంపిస్తాండావంట? బడి అయ్యోరి ట్రైనింగు చాలదా? బిరీన జీతం వస్తాది. ఇంకా నాలుగేండ్లు చదివి ఏం చేస్తాడు?"

మామ లోపల గడప దగ్గర నిలబడిన కొడుకును పిలిచాడు. "నువ్వు చెప్పరా. నీకేం చదవల్లని ఉండాది?"

ఆ కాలంలో పిల్లల్ని అట్లా పదిమందిలో అడిగేవాళ్లు లేరు. రామాంజులు మొగం ఎర్రబడింది. "ఇంజనీరయితా నాయనా. దానికి ముందు కాలేజీలో లెక్కల గ్రూపు చదవల్ల."

"ఇంజనీరయి ఏం కడతాడంట? నీ గొడ్లకు కొట్టమా?" అని ఓబన్న నవ్వాడు.

"కట్టనీలేన్నా. నీ గొడ్లని కూడా తోలుకొని రా, దాంట్లోనే కట్టేస్తాం" అన్నాడు మామ. అందరూ నవ్వేశారు. ఆ మాటతో తీర్మానం అయిపోయింది. చదివేది పిల్లోడు, కాబట్టి మాట పిల్లోడిది. మామ ఎవరికీ పాఠంగా చెప్పలేదు, అట్లా చేసి చూపించాడు. మూలన ఎద్దులను కట్టే తలుగులు పేనుతున్న నేను అది చూశాను.

తండ్రీకొడుకులు ఒకసారి కడపకు పోయి వచ్చారు. కాలేజీ పేరు ఇక్కడ అవసరం లేదు. మార్కులు చూసి సీటు ఇస్తామన్నారు. సోమవారం నాయనతో పాటు వచ్చి సంతకం పెట్టి చేరాలి, ఆ రోజు దాటితే సీటు ఇంకొకరికి పోతుంది అని గుమస్తా చెప్పాడు. లక్షుమ్మత్త పెట్టె సర్దింది. రామాంజులు తెల్లచొక్కా ఉతికి, కంచుచెంబులో నిప్పులేసి మడతలు తీసింది. ఊరికి పోయే సంబరం ఆ ఇంట్లో మొదటిసారి చూశాను.

ఆదివారం మధ్యాహ్నం వాన పడింది. ఎట్లాంటి వానంటే, మూడేండ్లుగా మేము మర్చిపోయిన వాన. మెరకచేను కూడా నీళ్లు తాగింది. మా ఎర్రనేలలో వాన పడ్డాక విత్తనం వేసేంత తేమ నిలిచేది రెండు మూడు పొద్దులే. దాన్ని పదును అంటాము. ఎండ కాసి గాలి తోలిందంటే పదును ఆరిపోతుంది. ఆ తర్వాత వేసిన విత్తనం మొలవదు. అటు చూస్తే సోమవారం కాలేజీ. ఇటు చూస్తే సోమవారం పదును.

పొద్దున రామాంజులు తెల్లచొక్కా వేసుకుని బయటకు వచ్చేసరికి మామ విత్తనం వేసే గొర్రుకు తాళ్లు బిగిస్తున్నాడు. మా వైపు ఇంటి పెద్దకొడుకు తొలి సాలు తోలాలి, ఇంటి ఆడమనిషి తొలి విత్తనం వేయాలి. అట్లా కాకుండా విత్తిన ఇల్లు లేదు.

"చొక్కా ఇప్పి పంచె కట్టుకో రా. తొలి సాలు తోలుదువు" అన్నాడు మామ.

"నాయనా, ఈ పొద్దు కాలేజీకి పోవల్ల గదా."

"పోదాం. ఇత్తనం పడినాక పోదాం. బుధవారం పొద్దున బస్సుకు."

లక్షుమ్మత్త విత్తనాల గంప కింద పెట్టింది. "నేను పిల్లోన్ని పిల్చుకొని పోతా. ఏలిముద్ర ఏస్తా. మీరు ఇత్తుకోండి."

"నువ్వు పోతే తొలి ఇత్తనం ఎవురేస్తారు? ఆ కాలేజీ ఆయన సీటు ఇస్తానని మాటిచ్చినాడు. మాటిచ్చినాక రెండు దినాలకు మారతాదా? వాన పడిందంటే ఆయనకు మాత్రం తెలీదా?"

ఆయన్ని నేను తప్పుపట్టలేను. మా ఊళ్లో సోమవారం వస్తానంటే బుధవారం వచ్చినా సోమవారం వచ్చినట్టే. వాన పడితే పెండ్లి మాటలు ఆగుతాయి, పంచాయితీ ఆగుతుంది, అప్పు అడిగేవాడు కూడా వాకిట్లో నుంచే వెనక్కి తిరుగుతాడు. పదునులో ఉన్న రైతును పిలిచేవాళ్లు ఉండరు. లోకమంతా అట్లాగే ఉంటుందని మామ అనుకున్నాడు. మేమందరమూ అనుకున్నాము.

రామాంజులు చొక్కా విప్పి వాసానికి తగిలించాడు. తొలి సాలు తోలాడు. ఎద్దులు వంకరగా పోతున్నా సరిచేయలేదు.

బుధవారం పెట్టె మోసేదానికి నన్ను కూడా తీసుకుపోయారు. కాలేజీ ఆఫీసులో గుమస్తా తల ఎత్తి చూసి, "సోమవారం రమ్మన్నాను కదండీ" అన్నాడు. కోస్తా మనిషి.

"వాన పడింది సామీ" అన్నాడు మామ, ఆ ఒక్క మాటతో సరిపోతుందన్నట్టు.

"ఇక్కడ కూడా పడిందండీ."

"పదునుండె సామీ. ఇత్తనమేసి వచ్చినాం."

గుమస్తాకు అర్థం కాలేదు. చెడ్డవాడు కాదు, కూర్చోమని చెప్పి నీళ్లు ఇప్పించాడు. సోమవారం సాయంత్రం దాకా చూశామని, ఆ సీటు వెనకున్న పిల్లవాడికి ఇచ్చేశామని, ఇక ఖాళీ లేదని, వచ్చే ఏడాది మళ్లీ రమ్మని మెల్లగా చెప్పాడు. మామ చేతులు జోడించాడు. అప్పటికి కూడా చేతులకు ఎర్రమట్టి పోలేదు. "నా తప్పు సామీ. పిల్లోని తప్పు కాదు. నన్నేమన్నా అనండి" అన్నాడు. రామాంజులు పెట్టె పక్కన నిలబడి వరండాలో పోతున్న పిల్లల్ని చూస్తున్నాడు.

తిరుగు బస్సు గువ్వలచెరువు ఘాటులో ఇంజను వేడెక్కి ఆగింది. డ్రైవరు నీళ్లు పోస్తుంటే అందరూ దిగారు. మామ సోడా కొనిచ్చాడు. రామాంజులు సగం తాగి నా చేతికిచ్చాడు.

"ఇది నేను చేసిన పనిరా" అన్నాడు మామ.

కొడుకు పోయి బస్సులో కూర్చున్నాడు. తిట్టి ఉంటే బాగుండేదేమో.

ఆ ఏడు శెనక్కాయ విరగ్గాసింది. మామ చేను చూసేదానికి పక్క ఊళ్ల నుంచి వచ్చారు. ఓబన్న అయితే, "నీ చేను చూస్తే కండ్లు మండుతాండాయి చెన్నప్పా, ఏమేసినావురా?" అన్నాడు.

"నా కొడుకు సదువేసినా. పండకేం చేస్తాది?" అన్నాడు మామ.

ఓబన్న నవ్వబోయి ఆగిపోయాడు. చెట్లు పీకిన రోజు లక్షుమ్మత్త కాయలు ఉడకబెట్టి పెద్ద గిన్నెతో నడింట్లో పెట్టింది. అందరమూ తిన్నాము. మామ ఒక్క కాయ ఒలవలేదు. "తినండి, తినండి" అంటూ గిన్నె మా వైపు జరిపాడు. ఆ తర్వాత ఎన్ని పంటలు వచ్చినా ఆయన శెనక్కాయ నోట పెట్టింది నేను చూడలేదు. సీటు పోయింది వాన వల్ల అని ఎవరైనా ఓదార్చబోతే ఒప్పుకునేవాడు కాదు. "వానేం చేసింది? అది పడాల్సినప్పుడు పడింది. పోవాల్సినప్పుడు పోనిది నేను" అనేవాడు.

రామాంజులు రాయచోటిలో శెనక్కాయల మిల్లులో కాటా వేసే పనికి చేరాడు. వచ్చే ఏడాది దాకా అన్నాడు. ఆ ఏడాది వచ్చింది. మామ మిల్లుకు పోయాడు, నేను బండి తోలాను. మూటల మధ్య నిలబడి మాట్లాడుకున్నారు.

"కాలేజీకి మళ్లీ పిలుస్తాండారు రా. పోదాం రా."

"వద్దులే నాయనా."

"ఎందుకు వద్దు? నీకిష్టమే గదా."

రామాంజులు కాటా ముల్లు వైపు చూస్తూ నిదానంగా అన్నాడు. "వాన పడితే నువ్వు రావు నాయనా. నాకు తెలుసు."

"ఈతూరి వస్తా. పడనీ, చేను బీడు పెట్టి వస్తా."

"నాకు పని ఉండాది. మీరిద్దరూ పోండి."

కాలేజీకి పోవాల్సిన రోజుకు ముందురోజే ఆ ఏడు కూడా వాన పడింది. ఊరంతా గొర్రులు కట్టారు. నేను ఎద్దులను విప్పుకుని వాకిట్లోకి వచ్చేసరికి మామ స్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని, కండువా వేసుకుని అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"మామా, గొర్రు కట్టనా?"

"వద్దు."

"పదును పోతాది మామా."

"పోనీ. వాడొస్తాడేమో. వచ్చినప్పుడు నేను చేనులో ఉంటే ఎట్లా?"

చేనుకు పోయేవాళ్లు ఆగి చూసిపోయారు. చెన్నప్పకు మతి చలించిందని ఓబన్న గట్టిగానే అన్నాడు. లక్షుమ్మత్త సంగటి తెచ్చి పక్కన పెట్టింది. రామాంజులు రాలేదు. మామ మర్నాడు కూడా అదే పంచెతో కూర్చున్నాడు. ఎండ కాసింది, గాలి తోలింది, చేను పైపొర తెల్లబడింది.

సంగతి విని రామాంజులు మిల్లు నుంచి వచ్చాడు. నేరుగా చేనుకు పోయి చూసి వచ్చి అరిచాడు. "ఏం పని నాయనా ఇది? భూమిని ఎండబెడతావా? నేను రానని చెప్పినా గదా!"

"నువ్వు చెప్పినావు" అన్నాడు మామ. "నేను రానని చెప్పలేదే."

రామాంజులు అరుగు అంచున కూలబడ్డాడు. నేను ఎద్దులకు నీళ్లు పెట్టేదానికి పోయాను. తిరిగి వచ్చేసరికి కొడుకు వెళ్లిపోయాడు. ఆ ఏడు ఇంట్లో గింజలు లేవు. మా అమ్మకు కొలవాల్సినవి మాత్రం మామ పాత గాదె ఊడ్చి కొలిచాడు.

రామాంజులు మళ్లీ చదవలేదు. మిల్లులోనే ఉండిపోయాడు. పండగలకు వచ్చేవాడు, తల్లిదండ్రులను బాగానే చూసుకున్నాడు. కానీ పెండ్లి మాట అయినా, ఇల్లు కట్టే మాట అయినా, నాయనను సలహా అడిగింది లేదు. మామ కూడా అడగమనలేదు. ఆయన పోయిన రోజు, అంతా అయ్యాక రామాంజులు బావి గట్టున నా పక్కన కూర్చుని, "ఆయప్ప ఆ చేను ఎండబెట్టకుండా ఉంటే బాగుండురా" అన్నాడు. "కోపం పెట్టుకునేదానికి సులువుగా ఉండేది." అని తలగుడ్డతో మొగం తుడుచుకున్నాడు.

చాలా ఏండ్ల తర్వాత నేను గుత్తకు తీసుకున్న చేను దున్నుకుంటున్నప్పుడు నా బిడ్డ పది పాసయ్యి నర్సు చదువుకు పోతానంది. వద్దని ఇంట్లో అందరూ అన్నారు. "నీకేం చదవల్లని ఉండాది?" అని నేను అడిగాను. ఆ అడగడం నాకు ఎక్కడిదో మీకు తెలుసు. చేర్చే రోజు వేకువన వాన మొదలయింది. తడుస్తూనే బస్సెక్కాము. దోవ పొడుగునా చేలల్లో విత్తే గొర్రులు తిరుగుతున్నాయి. బిడ్డ కిటికీలో నుంచి అవి చూస్తూ, "నాయనా, మన చేను?" అంది.

"యాడికీ పోదులేమ్మా" అన్నాను.

అది అబద్ధమని నాకు తెలుసు, రైతుబిడ్డ కాబట్టి దానికీ తెలుసు. అయినా నా చేయి పట్టుకుని నిద్రపోయింది. సీటు దొరికింది. ఆ ఏడు మేము పస్తులున్న రోజులు ఉన్నాయి. ఇంటి ముందు నిలబడి నన్ను చూసి నవ్వినవాళ్లూ ఉన్నారు. చెన్నప్ప మామ కష్టం ఆయన కొడుకుకు అందలేదు, వేరేవాడి బిడ్డకు అందింది. అది తల్చుకుంటే నాకు సంతోషం కంటే దుఃఖమే ఎక్కువ వస్తుంది.

ఇంతకన్నా రాయడం నాకు చేతకాదు. చదువుకున్నవాళ్లు నా తప్పులు దిద్దుకుని చదవండి, నన్ను మన్నించండి. ఆయన గురించి నేను సరిగా చెప్పలేకపోయి ఉంటే, అది నా రాతలో లోపమే గానీ మనిషిలో లోపం కాదు.